రేపొస్తామన్నవాళ్ల సామాను

ఫిల్మ్‌నగర్‌లో ఎవరైనా "రేపొస్తాను" అంటే ఆ మాట పట్టుకుని క్యాలెండర్ చూడకూడదు. వేషం ఇస్తానన్నవాడూ రేపే అంటాడు, కథ వింటానన్నవాడూ రేపే అంటాడు. విన్నవాడు తలూపి, ఇంటికెళ్లి హాయిగా భోంచేస్తాడు. ఈ సంగతి ఒక్క ఓదెలుకు తప్ప అందరికీ తెలుసు. అతను ఆ మాటను ఉన్నదున్నట్టే నమ్మేవాడు. అందుకే అతని దుకాణం వెనక గది తలుపు పూర్తిగా తెరుచుకుని చాలా ఏళ్లయింది.

దుకాణం షేక్‌పేట వైపు దిగే సందులో, ఒక మేడ కింది భాగంలో ఉంది. షూటింగుల్లో పాడైన సామానంతా అక్కడికే వస్తుంది. పొగ మిషన్లు, పెద్ద లైట్లు, వాకీటాకీలు, డైరెక్టర్లు అరవడానికి వాడే చేతి మైకులు, పాటల షూటింగులో మోగించే స్పీకర్లు, ఏదైనా సరే ఓదెలు దాని పొట్ట విప్పి బాగుచేస్తాడు. అతని భార్య కౌసల్య ముందు కౌంటర్లో కూర్చుని, వచ్చినవాళ్లతో మాట్లాడుతుంది. నిజం చెప్పాలంటే ఆ మాటల కోసమే ఆమె దుకాణానికి వస్తుంది. ఏ హీరోకు ఎవరితో చెడింది, ఏ సినిమా మధ్యలో ఎందుకు ఆగింది, ఏ దర్శకుడు కారు అమ్ముకున్నాడు, అన్నీ పేపర్లకంటే ముందు ఆమె చెవిన పడతాయి. ఇంట్లో కూర్చుంటే అత్త శకుంతలమ్మ మోకాళ్ల నొప్పుల కథ తప్ప మరొకటి వినపడదు. ఆ కౌంటరు లేకపోతే తన ప్రాణం ఎలా నిలుస్తుందో కౌసల్య ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం రాలేదు.

దుకాణానికి సామాను వచ్చే దారి బాగానే ఉంది. పోయే దారే సరిగా లేదు. తెచ్చినవాళ్లు తెచ్చేటప్పుడు కొంప మునిగిపోతున్నట్టు తెస్తారు. సాయంత్రానికల్లా కావాలంటారు, ఓదెలు టీ తాగుతుంటే కూడా ఊరుకోరు. తీరా అతను తిండి మానేసి బాగుచేసి ఫోను చేస్తే, రేపొస్తామంటారు. ఆ రేపులన్నీ చేరి వెనక గది నిండింది. గది నిండాక మెట్ల కిందికి పాకింది. పొగ మిషను మీద పొగ మిషను, వాటి మీద స్పీకరు, స్పీకరు మీద తల వేలాడేసిన లైటు. ఈ మొత్తానికి వెనక, గోడ మూలన, నీలం పట్టా కప్పిన నిలువెత్తు వస్తువు ఒకటి ఉండేది. అదేమిటని కౌసల్య చాలాసార్లు అడిగింది. ఎప్పుడడిగినా ఓదెలు "ఒకలది" అని ఊరుకునేవాడు.

పాత సామాను వాళ్లకు అమ్మేద్దామని ఆమె పోరేది. ముందు గోడమీద బోర్డు కూడా రాయించింది ఆమే. పని అయిన మూడు నెలల్లో సామాను తీసుకుపోకపోతే దుకాణం వారికి బాధ్యత లేదని, ఎర్ర అక్షరాలతో. ఓదెలు ఆ బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదివి, తల అడ్డంగా ఊపాడు.

"రిపేరుకొచ్చిన సామాను మనది గాదు కౌసల్యా. ఎవరు తెచ్చిన్రో ఆళ్ల చేతులనే పెట్టాలె. ఆళ్లు మర్సిపోయిన్రని మనం గూడ మరుస్తె ఇంక గీ దుకాణం ఎందుకు?"

ఆమె అతనితో వాదించి గెలవలేకపోయింది. కొన్నాళ్లకు ఆ బోర్డుకు అడ్డంగా కూడా ఎవరిదో లైటు స్టాండు వచ్చి నిలబడింది.

మేడ సొంతదారు సూర్యప్రకాశరావు గారు శ్రీనగర్ కాలనీలో ఉంటారు. కోస్తా నుంచి వచ్చి, ఒకప్పుడు ఒకే ఒక్క సినిమా తీసి చేతులు కాల్చుకున్నారు. మిగిలినదాంతో ఈ మేడ కొన్నారు. ఓదెలు షేక్‌పేట పాత దుకాణం వదిలి ఇక్కడికి వచ్చిన రోజున ఆయన పెట్టిన షరతు ఒక్కటే. తన మేడలో ఏ వ్యాపారమైనా చేసుకోవచ్చు, తన ముందు మాత్రం సినిమా మాట ఎత్తకూడదు. ఫిల్మ్‌నగర్ నడిబొడ్డున మేడ కొనుక్కుని సినిమా మాట వద్దనడం ఏం కోరికో ఆయనకే తెలియాలి. కౌసల్య మటుకు ఆయన వచ్చినప్పుడల్లా నోటిమీద వేలేసుకుని, ఎండల గురించీ కరెంటు గురించీ మాట్లాడేది. అది ఆమెకు ఉపవాసంతో సమానం.

ఉగాది వెళ్లిన వారంలో ఆయన పై అంతస్తు చూసుకుందామని వచ్చారు. మెట్లెక్కుతుంటే పంచె అంచు ఒక లైటు స్టాండు కొక్కేనికి తగులుకుంది. ఆయన రెండు మెట్లు ఎక్కారు, పంచె ఎక్కలేదు. కౌసల్య మర్యాదగా గోడవైపు తిరిగింది కానీ, భుజాలు కదలడం ఆయన చూశారు.

పంచె సర్దుకుని కిందికి దిగి, ఆయన కోప్పడకుండా చెప్పారు. కోప్పడి ఉంటే బాగుండేది.

"చూడు ఓదెలూ. దసరాకల్లా వెనక గదీ మెట్ల కిందా ఖాళీగా కనిపించాలి. ఒక్క వస్తువు మిగిలినా దుకాణమే ఖాళీ చేయాలి. కాఫీ షాపువాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు."

ఫిల్మ్‌నగర్‌లో ఇంత తక్కువ కిరాయికి ఇంకో దుకాణం దొరకదు. ఓదెలు ఎవడి కిందో పనికి కుదురుకుంటాడు, అతని ముందు ఒక పాడైన మోటరు పెడితే చాలు, ఎక్కడున్నాడో కూడా గమనించడు. ఆమె మాత్రం మోకాళ్ల నొప్పుల దగ్గరికి వెళ్లాలి. ఎలాగైనా ఈ గది ఖాళీ చేయించాలని కౌసల్య ఆ క్షణమే గట్టిగా అనుకుంది.

ముందు అందరికీ ఫోన్లు చేసింది. మజూరీ కూడా వద్దు, వచ్చి పట్టుకుపోతే చాలంది. అందరూ సంతోషించి, రేపొస్తామన్నారు. మజూరీ వద్దంటే కూడా రాని మనుషుల్ని ఆమె మొదటిసారి చూస్తోంది. సరే, వాళ్లు రాకపోతే సామానే వెళుతుందని ఒక పొగ మిషన్ని ఆటోలో ఎక్కించి, జూబ్లీహిల్స్‌లోని ఒక సినిమా ఆఫీసుకు పంపింది. గంట తిరక్కుండా అదే ఆటోలో అదే మిషను వెనక్కి వచ్చింది. ఈసారి దాని మెడకు నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టి ఉన్నాయి.

వెనకే ఆ ఆఫీసు ప్రొడక్షన్ మేనేజరు వరప్రసాద్ స్కూటరు మీద వచ్చాడు. చెమటలు కారుతున్నాయి.

"అక్కా, మీకు దణ్ణం పెడతాను, దాన్ని మళ్లీ పంపకండి. ఇది వాడిన సినిమా మొదటి ఆటకే పోయింది. ఈ మిషను గుమ్మంలో కనిపించగానే మా ప్రొడ్యూసరుగారు కొత్త సినిమా పూజ ఆపేసి ఇంటికెళ్లిపోయారు. మీ దగ్గరే ఉండనివ్వండి. మీకేం కాదు, మీరు సినిమాలు తీయరుగా."

అతను వెళ్లాక కౌసల్య చాలాసేపు నిమ్మకాయ వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, గదిలో ఒక్కో వస్తువూ చూపిస్తూ మొగుణ్ని అడగడం మొదలుపెట్టింది. ఓదెలుకు మనుషుల పేర్లు గుర్తుండవు, జబ్బులు గుర్తుంటాయి. ఇది గురగుర మనేది, ఇది మనిషి ముట్టుకుంటే షాక్ కొట్టేది, ఇది వాన సీనులో తడిసి మూగబోయింది అని చెప్పుకుపోయాడు. ఆ జబ్బు ఏ షూటింగులో పట్టుకుందో అడిగితే సినిమా పేరు బయటపడేది. ఒక్కటంటే ఒక్కటి ఆడిన సినిమా లేదు. ఆడిన సినిమాల సామాను ఎవరూ వదిలిపెట్టరు మరి, దండలేసి పట్టుకుపోతారు. పోయిన సినిమాల సామానంతా తన మొగుడి నెత్తిన పడి ఉంది. ఓదెలు అన్నిటినీ బాగుచేశాడు కానీ, వాటికున్న అసలు జబ్బు అతని స్క్రూడ్రైవరుకు అందేది కాదు.

"నీ వైద్యం అయిపోయింది. ఇంక నా వైద్యం జూస్త" అంది కౌసల్య.

ఆ వైద్యం ఏమిటో ఆమెకూ అప్పటికి తెలియదు. అది సాయిశ్రీనివాస్ రూపంలో నడిచి వచ్చింది.

సాయిశ్రీనివాస్ మోతీనగర్ కుర్రాడు. స్నేహితులతో కలిసి చిన్న సినిమా తీస్తున్నాడు. ఆ దుకాణం చరిత్రలో చెప్పిన రోజున వచ్చి సామాను తీసుకెళ్లిన మనిషి అతనొక్కడే. కారణం సులువు, అతనికున్నది ఆ ఒక్క లైటే. అందుకే కౌసల్యకు అతనంటే అభిమానం. లైటు తీసుకుంటూ అతను సగం తెరిచిన తలుపులోంచి వెనక గది చూసి, అక్కడే నిలబడిపోయాడు. సినిమా అంతా అయిపోయింది, దయ్యం కాపురముండే గది సీను ఒక్కటే మిగిలింది, సెట్టు వేయడానికి చేతిలో ఏమీ లేదు. ఆ గదిని చూస్తే ఏ దయ్యమైనా అడ్వాన్సు ఇచ్చి చేరుతుందని అతనికి అనిపించింది. ఒక్కరోజు ఆ గదిలో షూటింగు చేసుకోనిమ్మని బతిమాలాడు.

ఓదెలు ససేమిరా అన్నాడు. మంది సామాను కిరాయికివ్వడానికి మనమెవరమన్నాడు.

"కిరాయికి ఎవలిస్తున్నరయ్యా? గాడ్నే ఉంటది, కదలది మెదలది. జూస్తె అరిగిపోతదా?" అంది కౌసల్య.

చూస్తే అరగదన్న మాటలో ఓదెలుకు తప్పు దొరకలేదు. చివరికి షరతులు పెట్టాడు. ఎవరూ దేన్నీ ముట్టకూడదు, ఏ స్విచ్చూ వేయకూడదు, మూలన ఉన్న ఆ నీలం పట్టా మాత్రం ఎత్తకూడదు. సాయిశ్రీనివాస్ అన్నిటికీ ఒప్పుకున్నాడు. కౌసల్య కూడా ఒక షరతు పెట్టింది. కెమెరా తొందరపడకూడదు, గదిలో ఉన్న ప్రతి వస్తువునూ తీరిగ్గా చూసుకుంటూ వెళ్లాలి. ఎందుకని అతను అడిగితే, సామానుకు కూడా సరదా ఉంటుందని చెప్పింది.

షూటింగు రోజు పొద్దున్నే ఆమె అన్నిటినీ తడిగుడ్డతో తుడిచి, మొహాలు కెమెరా వైపు తిప్పి, ఒక్కోదానికీ కుంకుమ బొట్టు పెట్టింది. పెళ్లిచూపులకు కూడా తన తమ్ముణ్ని ఆమె అంత శ్రద్ధగా ముస్తాబు చేయలేదు. తెరమీద తమ వస్తువులు చూసి యజమానులకు కాస్త సిగ్గయినా వేస్తుందని ఆమె లెక్క. అంతకుమించి ఆశ పెట్టుకోలేదు.

శ్రావణంలో సినిమా విడుదలైంది. మొదటి రెండు రోజులు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఆ గది సీను గురించి జనం చెప్పుకోవడం మొదలుపెట్టారు. దయ్యం పొగ మిషన్ల మధ్య చిక్కుకుని, బయటికి దారి దొరక్క హీరోనే సాయం అడుగుతుంది. ఆ సీనుకు పిల్లలు కుర్చీలెక్కి నవ్వారట. ఎవరో మైకు పెట్టి అడిగితే సాయిశ్రీనివాస్ ఉన్న మాటే చెప్పాడు, ఆ గదిలో అడుగుపెట్టేదాకా మా సినిమాలో ఒక్క పనీ సవ్యంగా జరగలేదని. కౌసల్యకు ఆ మాట చాలు. మర్నాడు వరప్రసాద్ అటుగా వెళుతుంటే పిలిచి, టీ పోయించి, గొంతు తగ్గించి చెప్పింది. ఆ సినిమా ఆడిందంటే కథ వల్లా కాదు, కుర్రాడి వల్లా కాదు, గదిలో బొట్టు పెట్టించుకున్న సామాను వల్లే. ఈ సంగతి ఇంకెవరికీ చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకుంది. చెప్పొద్దంటే ఆ కబురు సాయంత్రానికల్లా ఫిల్మ్‌నగర్ దాటిపోతుందని ఆమెకు బాగా తెలుసు.

ఇక చూడాలి. రేపొస్తామంటూ రాని మనుషులు పొద్దున తలుపు తీయకముందే మెట్లమీద కూర్చున్నారు. నిమ్మకాయ కట్టి పంపిన ఆఫీసు నుంచి కారు వచ్చింది, అందులో పట్టుచీర కూడా ఉంది, మిషను మీద కప్పడానికట. మూడేళ్లుగా ఊళ్లో లేనని చెప్పిస్తున్న ఒక కెమెరామన్ పక్క సందులోంచి నడుచుకుంటూ వచ్చాడు. చిక్కేమిటంటే, వస్తువు ఒకటి ఉంటే నాదంటే నాదని ముగ్గురు వచ్చారు. అబద్ధమాడుతున్నామని కూడా వాళ్లకు అనిపించలేదు. తెరమీద చూసినప్పుడే అది తమదనిపించిందట.

ఓదెలు బెంబేలెత్తిపోయాడు. కౌసల్య మటుకు కౌంటర్లో సర్దుక్కూర్చుని, వచ్చినవాణ్ని వచ్చినట్టు ఒకే ప్రశ్న అడిగింది. తెచ్చినప్పుడు దానికి ఏం జబ్బు? పని చేయడం లేదని తెచ్చామన్నవాళ్లను పక్కకు నిలబెట్టింది, పని చేస్తుంటే ఎవరూ తేరు కాబట్టి. వరప్రసాద్ వంతు వచ్చినప్పుడు అతను తడుముకోకుండా చెప్పాడు, డైరెక్టరు యాక్షన్ అన్నప్పుడు ఊరుకుని, కట్ అన్నాక పొగ కక్కేదని. లోపల్నుంచి ఓదెలు అవునని తలూపాడు. మిషను పట్టుచీర కట్టుకుని కారెక్కింది. ఒకాయన అసలెప్పుడూ ఏమీ రిపేరుకివ్వకుండానే వచ్చి, ఏదో ఒకటి ఇమ్మని వదల్లేదు. సామాను తుడిచిన గుడ్డ ఇస్తే కళ్లకద్దుకుని పట్టుకుపోయాడు.

ఆ సందడిలో లీలాకుమారి కూడా వచ్చింది. పాటల షూటింగుల్లో డాన్సు మాస్టరుకు సహాయకురాలిగా చేసేది. ఆమె సాయిశ్రీనివాస్ సినిమా చూడలేదు, కబురూ వినలేదు. సందులో జనాన్ని చూసి, దుకాణం ఎత్తేస్తున్నారేమోనని కంగారుపడి వచ్చింది. తన చిన్న స్పీకరు పాట పల్లవి పాడి చరణం మింగేసేదని చెప్పింది. ఓదెలు అది తెచ్చి చేతికిచ్చాడు.

"మొదట్లో ఊళ్లో లేక రాలేదండీ. తర్వాత ఆలస్యమైందని సిగ్గేసి రాలేదు. ఆ తర్వాత రావాలంటే ఇంకా సిగ్గేసింది" అంది ఆమె తల దించుకుని.

కౌసల్య ఆమెను ఆటపట్టించలేదు. స్పీకరు చరణం కూడా పాడేదాకా ఉంచుకుని, టీ తాగించి పంపింది.

దసరాకు ముందు రోజు పొద్దున గది కడిగారు. నేల అసలు రంగు ఎరుపని కౌసల్యకు అప్పుడు తెలిసింది. మెట్ల కింద చీమ కూడా లేదు. ఆమె కొంగు నడుముకు దోపి, గుమ్మంలో నిలబడి, గెలిచానన్న సంతోషంతో గదంతా కలయజూసింది. మూలన నీలం పట్టా ఇంకా ఉంది.

మెల్లగా వెళ్లి పట్టా లాగేసింది. లోపల గాలి ఫ్యాను. తుఫాను సీన్లలో వాడేది, మనిషి ఎత్తు ఇనుప చట్రం, చేయంత రెక్కలు. రావుగారు ఆ రోజే వస్తానన్నారు. ఒక్క వస్తువు మిగిలినా దుకాణం పోతుంది.

"ఇది ఎవల్దో ఇప్పుడన్న చెప్తవా?" అంది. నెలల తరబడి ఆమె పడిన పాటంతా ఈ ఒక్క ఇనుప ముక్క దగ్గర ఆగిపోయింది.

ఓదెలు చేతులు గుడ్డకు తుడుచుకుని చెప్పాడు. అది సూర్యప్రకాశరావు గారిదే. ఆయన తీసిన ఒక్క సినిమాకు కిరాయికి తేవడం నామోషీ అనుకుని సొంతంగా కొన్న ఫ్యాను. తుఫాను సీను రోజు ఓదెలును సెట్టుకు పిలిచారు కానీ, అతను వెళ్లేసరికే ఎవరో వైర్లు తారుమారుగా కలిపి స్విచ్చు వేశారు. మోటరు ఎదురు తిరిగింది. గాలి కొట్టాల్సిన ఫ్యాను గాలి పీల్చింది. హీరో నెత్తిమీది విగ్గు అందరూ చూస్తుండగా ఎగిరి వచ్చి రెక్కల్లో చిక్కుకుంది, మోటరు కాలిపోయింది. హీరో అలిగి వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చి ఏదో పూర్తి చేశాడు కానీ సినిమా నిలబడలేదు. మోటరుకు కొత్త తీగ చుట్టి బాగుచేశాక ఆఫీసుకు ఫోను చేస్తే, రేపొస్తామన్నారు. తర్వాత ఆ ఆఫీసే లేదు. రావుగారు ఆ రోజు ఫ్యాను వెనక నిలబడ్డ మెకానిక్ మొహం చూడనే లేదు. షేక్‌పేట నుంచి మారినప్పుడు ఓదెలు ఫ్యానును కూడా వెంట తెచ్చాడు, ఆయన మేడలోకే.

కౌసల్య ముక్కున వేలేసుకుంది. "ఆయన సామానే ఆయన ఇంట్ల పెట్టుకొని, ఇన్నేండ్లు నోరిప్పలేదా నువ్వు?"

"సినిమా మాట ఎత్తొద్దన్నడు గదా. ఇది సినిమా మాటనే గదా" అన్నాడు ఓదెలు.

ఆమెకు ముందు అతని నెత్తిన ఒకటి వేయాలనిపించింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒక ఆలోచన వచ్చింది. పట్టా మళ్లీ కప్పేసి, మొహం కడుక్కుని, మంచి చీర కట్టుకుని కౌంటర్లో కూర్చుంది.

రావుగారు మధ్యాహ్నం వచ్చారు. మెట్ల కింద చూశారు, తృప్తిగా పంచె సవరించుకున్నారు. గదిలోకి తొంగిచూసి, ఆ మూలనున్నదేమిటని అడిగారు. అది కూడా తీసేయాల్సిందే అన్నారు.

"తీసేస్తం సార్. కాని సొంతదారు వచ్చి దాని జబ్బేందో చెప్తేనే ఇస్తం. గిది మా దుకాణం కాయిదా" అంది కౌసల్య వినయంగా.

ఆమె పట్టా తీసింది. రావుగారు దగ్గరికి వెళ్లారు. చట్రం మీద చెయ్యి వేశారు. ఒకచోట ఆకుపచ్చ రంగు పెచ్చు ఊడి ఉంది, అక్కడ బొటనవేలితో రాశారు. ఆయన మొహంలో ఎర్రదనం వచ్చింది, పోయింది. ఆయన్ని అలా చూస్తే కౌసల్యకు తను ఆడిన తమాషాకు తనకే కొంచెం సిగ్గేసింది. లీలాకుమారి తల దించుకున్నది గుర్తొచ్చింది.

"ఇది వెనక్కి తిరిగేది" అన్నారాయన చాలా మెల్లగా.

లోపల్నుంచి ఓదెలు వచ్చాడు. అతని చేతిలో మడతపెట్టిన పాత ప్లాస్టిక్ కవరు ఉంది. రిపేరులో బయటపడిన ప్రతి వస్తువునూ యజమానికి అప్పజెప్పడం అతని అలవాటు. కవరులో నల్లగా, దువ్వి ఉన్న విగ్గు ఉంది.

రావుగారు దాన్ని చేతిలోకి తీసుకుని చూశారు. ఏడుస్తారేమోనని కౌసల్య భయపడింది. ఆయన నవ్వడం మొదలుపెట్టారు. గోడకానుకుని, పంచె చెంగుతో కళ్లు తుడుచుకుంటూ, ఊపిరందక నవ్వారు. ఆ రోజు సెట్లో నవ్వడానికి భయపడ్డ నవ్వంతా ఇప్పుడు తీర్చుకుంటున్నట్టు నవ్వారు. ఓదెలు స్విచ్చు వేశాడు. ఫ్యాను సరైన వైపే తిరిగింది. కౌంటరు మీది కాగితాలన్నీ ఎగిరి సందులోకి వెళ్లాయి, రావుగారి పంచె మళ్లీ ఇబ్బంది పెట్టింది. ఈసారి కౌసల్య గోడవైపు తిరగాల్సిన పనిలేదు, ఆయనే నవ్వుతున్నారు.

"ఆటో తయారుగ ఉన్నది సార్. శ్రీనగర్ కాలనీకి పంపియ్యమంటరా?" అంది ఆమె.

నవ్వు ఆగింది. ఆయన కాస్త దూరంగా వెళ్లి ఇంటికి ఫోను చేశారు. ఆయనకు చెవి సరిగా వినపడదు కాబట్టి, భార్య నాగేశ్వరి మాట ఫోనులోంచి గదంతా వినిపించింది.

"ఆ ఫ్యాను గడప దాటి లోపలికొస్తే, నేను గడప దాటి బయటికెళ్తానండీ."

సినిమా మాటే వద్దన్న ఆయన చెవిన కూడా ఆ కబురు పడ్డట్టుంది, అది మొన్న ఆడిన సినిమాలో గది మూలన ఉందే, దాని దోషం పోయిందిగా అని నచ్చజెప్పబోయారు.

"నేనూ చూశాను ఆ సినిమా. ఆ నీలం పట్టా కిందదేగా. కప్పి ఉన్నదానికి ఏం అదృష్టం అంటుతుంది?" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

ఆయన ఫ్యాను వైపు చూశారు. అమ్మేయడానికి ఆయనకు మనసు రాలేదు, విగ్గు చేతిలో ఇంకా పట్టుకునే ఉన్నారు. కౌసల్య కళ్లు మిటకరిస్తూ, అమాయకంగా నిలబడింది. ఒక్క వస్తువు మిగిలినా ఖాళీ చేయాలన్న మాట ముగ్గురికీ గుర్తుంది. మిగిలిన వస్తువు ఎవరిదో కూడా ముగ్గురికీ తెలుసు.

"కాఫీ షాపువాళ్లకు ఇంకెక్కడైనా చూసుకోమని చెప్తాను. నా ఫ్యాను నేను తీసుకెళ్లేదాకా మీరెక్కడికీ వెళ్లక్కర్లేదు. దాన్ని జాగ్రత్తగా చూసుకో ఓదెలూ" అన్నారు రావుగారు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ.

"ఎప్పుడొచ్చి తీస్కపోతరు సార్?" అని అడిగింది కౌసల్య.

ఆయన విగ్గును కవరులో పెట్టుకుని మెట్టు దిగారు.

"రేపొస్తాను" అన్నారు.

ఓదెలు సరేనని తలూపి, ఫ్యాను మీది దుమ్ము తుడవడానికి లోపలికి వెళ్లాడు, రేపు వస్తానన్నారు కదా అని. కౌసల్య మాత్రం నీలం పట్టా తెచ్చి గట్టిగా కప్పి, నాలుగు మూలలా తాడుతో ముడివేసింది. ఆయుధపూజకు దానికి కూడా బొట్టు పెట్టాలనుకుంది. తర్వాత వెళ్లి కౌంటర్లో కూర్చుని, ఈ ఫ్యాను కబురు చెవిన వేయడానికి వరప్రసాద్ ఎప్పుడు అటుగా వస్తాడా అని సందులోకి చూస్తూ ఉంది.